ఇంట్లో ఎవరూ లేని వేళ

ఉదయం ఐదున్నర గంటలకు ముంబయి మెరీన్ డ్రైవ్ దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. మూడున్నర కిలోమీటర్ల పొడవున విల్లులా వంగిన ఆ సముద్రపు గట్టు మీద అప్పటికే నడక సాగుతూ ఉంటుంది. బరువు తగ్గించుకోదలచిన వ్యాపారులు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, పరుగు పందేలకు సాధన చేసే కుర్రకారు. వారి మధ్య నుండి ఒక యువకుడు ఒక చేతికి రెండు తాళ్లు, మరొక చేతికి ఒక తాడు చుట్టుకొని వస్తాడు. అతని ముందు ఒక లాబ్రడార్, ఒక పగ్, చెవి కొసన గంటు ఉన్న ఒక నాటు కుక్క నడుస్తుంటాయి. ఈ మూడింటిలో ఒక్కటీ అతనిది కాదు. కుక్కను పెంచుకునేంత చోటున్న ఇల్లు అతనికి ఉండే అవకాశమూ తక్కువే.

ఇతరుల కుక్కలను తిప్పడం ముంబయిలో ఇప్పుడొక బ్రతుకుతెరువు. మలబార్ హిల్ వాలు దారుల్లోను, దాదర్‌లోని శివాజీ పార్కు చుట్టూ, బాంద్రా కార్టర్ రోడ్డు ఒడ్డున, అంధేరీ లోఖండ్‌వాలా వీధుల్లోను ఇటువంటి మనుషులు ఉదయం, సాయంత్రం కనిపిస్తారు. ఇళ్లవారు వారిని 'భయ్యా' అంటారు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు 'డాగ్ వాకర్' అంటారు. కొందరికి అదే పూర్తి వృత్తి. మరికొందరు పగలు డ్రైవర్లుగానో, ఇళ్లలో పనివారుగానో ఉండి, రెండు పూటలా ఈ పని చేసుకుంటారు.

మరో వంక, గత రెండు దశాబ్దాలుగా ఈ మహానగరంలో కుక్కల డే కేర్‌లు కూడ వెలిశాయి. పసిపిల్లలను బాలవాడిలో దింపినట్లే ఉదయం కుక్కను అక్కడ దింపి, ఆఫీసు నుండి వస్తూ ఇంటికి తీసుకుపోవచ్చు. కొన్నింటికి సొంత వ్యాన్లు ఉంటాయి. అవి బడి బస్సులా వీధివీధి తిరిగి కుక్కలను ఎక్కించుకుంటాయి. ఆ వ్యాను కిటికీ లోంచి నాలుక వ్రేలాడవేసుకొని ట్రాఫిక్‌ను పరికించే జర్మన్ షెపర్డ్‌ను చూసి, పక్కనే ఆగిన ఆటోలోని పిల్లలు కేరింతలు కొట్టడం అంధేరీలో అరుదైన దృశ్యం కాదు.

ఈ రెండింటిలో ఏది మేలు? కుక్కను ప్రాణంగా చూసుకునే ప్రతి ముంబయి కుటుంబంలోను ఏదో ఒక దశలో ఈ ప్రశ్న తలెత్తుతుంది. డబ్బు లెక్కతో మొదలయ్యే చర్చ చాలా ఇళ్లలో ఆ లెక్కతోనే ముగిసిపోతుంది కూడ. కాని అసలు లెక్క వేరే ఉంది. అది లోకల్ రైళ్ల సమయ పట్టికతో ముడిపడినది.

పటం మీద ముంబయిని చూస్తే సంగతి బోధపడుతుంది. ఏడు చిన్న దీవులను కలిపి పూడ్చిన నేల మీద లేచిన నగరం ఇది. సన్నగా, పొడవుగా, ఉత్తర దక్షిణాలుగా సముద్రంలోకి చొచ్చుకొని ఉంటుంది. కార్యాలయాలు అధిక భాగం దక్షిణాన, మధ్య భాగాన. అందుబాటు అద్దెల ఇళ్లు ఉత్తరాన. బోరివిలీలోనో, విరార్‌లోనో ఉండే ఉద్యోగి చర్చిగేట్ చేరడానికి ఒక గంట, గంటన్నర పడుతుంది. తిరుగు ప్రయాణానికీ అంతే. ఆఫీసులో తొమ్మిది గంటలు, దారిలో మూడు గంటలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులయిన ఇంట్లో కుక్క రోజుకు పన్నెండు గంటలు ఒంటరిగా ఉంటుందన్న మాట.

పెద్ద కుక్క రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు నిద్రపోతుంది. కనుక ఒంటరితనమంతా హింసే అనుకోనక్కరలేదు. కిటికీ పక్కన చల్లని గచ్చు మీద వెల్లకిలా పడుకొని పగలంతా గడిపే కుక్కలెన్నో ఉన్నాయి. కాని పన్నెండు గంటలు మూత్రం బిగపట్టుకోవడం వేరు సంగతి. మూడు నెలల పిల్లకు మూడు నాలుగు గంటలే గగనం. ఇల్లు పాడు చేయరాదని నేర్చుకున్న కుక్క, అది తన వల్ల కానప్పుడు మూలన నక్కి, యజమాని రాగానే తల వంచుకుంటుంది. చాలామంది దానిని 'తప్పు చేసిన ముఖం' అంటారు. తిట్టబోయే మనిషిని చూసి బెదిరిన ముఖమంటే సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఒంటరితనాన్ని అసలు భరించలేని కుక్కలు మరికొన్ని ఉన్నాయి. తలుపు మూసిన కొద్ది నిమిషాలలోనే అవి మొరగనారంభిస్తాయి. తలుపు చెక్కను గోళ్లతో చీలుస్తాయి. తమ కాళ్లను తామే నాకి పుండ్లు చేసుకుంటాయి. ఇది పెంకితనం కాదు. పశువైద్యులు గుర్తించి చికిత్స చేసే ఆందోళన. పక్క ఫ్లాటువారి ఫిర్యాదుతో గాని ఈ సంగతి యజమానికి తెలియదు. ఫిర్యాదు వచ్చే దాకా ఆగనక్కరలేదు. ఫోనును అల్మరా మీద నిలబెట్టి, ఇంటి నుండి బయలుదేరిన మొదటి అరగంటను చిత్రీకరించుకుంటే చాలు. కుక్క రెండుసార్లు తలుపు దగ్గరకు వెళ్లి వచ్చి పడుకుందా, లేక ఆ అరగంటా రొప్పుతూ తిరిగిందా అన్నది కళ్లకు కడుతుంది. ఏ సలహాదారూ చెప్పలేని సంగతి ఆ అరగంట చెబుతుంది.

ఇక తిప్పే మనిషి సంగతి. మంచి మనిషి దొరికితే అతను కుక్కకు ఇచ్చేది వ్యాయామం ఒక్కటే కాదు. ఈ నగరాన్నే దానికి ఇస్తాడు. కుక్క లోకాన్ని ముక్కుతో చదువుకుంటుంది. నిన్న రాత్రి ఈ స్తంభం దగ్గరకు ఎవరు వచ్చారు, చేపల బుట్ట ఏ మలుపులో దించారు, రావిచెట్టు క్రింద పిల్లి పడుకొన్నదా లేదా అన్న వార్తలన్నీ అది వాసనల్లో తెలుసుకుంటుంది. గబగబా లాక్కుపోయే మనిషి చేతిలో ముప్పై నిమిషాలు నడిచిన కుక్క కంటె, ఆగి ఆగి వాసన చూడనిచ్చే మనిషితో ఇరవై నిమిషాలు నడిచిన కుక్క తృప్తిగా ఇంటికి వస్తుంది. చేతిలో ఫోను చూస్తూ నడిచే మనిషికి జీతమిచ్చి కుక్కను అప్పగించడం కంటె దానిని ఇంట్లో ఉంచడమే నయం.

వీధిలో మరో జాగ్రత్త ఉంది. ముంబయి గల్లీలలో ప్రతి దానికీ కాపురమున్న వీధికుక్కల గుంపు ఒకటి ఉంటుంది. అవి తమ సరిహద్దు తాము గీసుకుంటాయి. ఆ సరిహద్దు మనిషి కంటికి కనబడదు, కుక్కకు తెలుస్తుంది. అనుభవం గల మనిషి ఏ మలుపులో వీధి దాటాలో, ఏ గుంపు నాయకురాలికి ముందుగా పలకరింపు అవసరమో ఎరిగి ఉంటాడు. చాలామంది జేబులో పార్లే-జి బిస్కట్టు పొట్లం ఉంచుకుంటారు. ముంబయిలోని విలే పార్లే పేటలోనే పుట్టి, ఆ పేరే పెట్టుకున్న బిస్కట్టు ఇది. 1929లో అక్కడ వెలసిన ఆ ఫ్యాక్టరీ 2016లో మూతబడినా, వీధికుక్కల విశ్వాసం మాత్రం ఆ బిస్కట్టు మీద చెక్కుచెదరలేదు. అంత చక్కెర కుక్కలకు మంచిది కాదని పశువైద్యులు మొత్తుకుంటారు. సంధి ఒప్పందాలలో ఆరోగ్య సూత్రాలకు చోటు తక్కువ.

కుక్కలతో ఈ నగరానికి ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. ఇక్కడొక చరిత్ర ఘట్టం చెప్పుకోవాలి. ఈస్టిండియా కంపెనీ హయాంలో ఏటా కొంత గడువు పెట్టి వీధికుక్కలను చంపించే ఆనవాయితీ ఉండేది. చంపిన కుక్కకు ఎనిమిదణాల చొప్పున బహుమానం ఇచ్చేవారు. బహుమానానికి ఆశపడి పట్టేవారు ఇళ్లలోని కుక్కలను కూడ ఈడ్చుకుపోయేవారు. 1832లో ఆ గడువును పొడిగించగానే పార్సీలు తిరగబడ్డారు. జొరాస్ట్రియన్ మతంలో కుక్క పవిత్రమైనది. అంత్యక్రియలలో మృతదేహాన్ని కుక్కకు చూపించే 'సగ్‌దీద్' అనే ఆచారం కూడ వారికి ఉంది. జూన్ 6న అల్లరి చెలరేగింది. మరునాడు కోట ప్రాంతంలో అంగళ్లు మూతపడ్డాయి. ఇతర మతాల వర్తకులూ తోడయ్యారు. కొలాబాలోని సైనికులకు సరుకులు అందకుండా అడ్డుకున్నారు. ఆధునిక బొంబాయి ఎరిగిన తొలి అల్లర్లలో ఒకటి రొట్టె కోసమో, పన్నుల మీదనో కాక, కుక్కల కోసం జరిగిందంటే పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు.

ఆ కోట ప్రాంతంలోనే ఇప్పుడు టాటా సంస్థల ప్రధాన కార్యాలయం బాంబే హౌస్ ఉంది. 1924లో పూర్తయిన ఆ రాతి భవనాన్ని 2018లో పునరుద్ధరించినప్పుడు, అక్కడ మసలే వీధికుక్కల కోసం క్రింది అంతస్తులో ప్రత్యేకంగా ఒక గది కేటాయించారు. పరేల్‌లో బాయి సకర్‌బాయి దిన్‌షా పెటిట్ పశువుల ఆసుపత్రి 19వ శతాబ్దం నాటిది. పేరు ఒక పార్సీ వనితది. మహాలక్ష్మిలో 165 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన టాటా ట్రస్టుల చిన్న జంతువుల ఆసుపత్రి 2024లో తలుపులు తెరిచింది. దాని వెనుక ఉన్న శ్రద్ధ రతన్ టాటాది. అదే సంవత్సరం అక్టోబరు 9న ఆయన మరణించినప్పుడు, ఆయన చేరదీసిన 'గోవా' అనే కుక్కను కడసారి చూపుకు తీసుకువచ్చారు.

ఇంతటి ప్రేమ గల నగరంలోనే అపార్టుమెంటు లిఫ్టు దగ్గర కుక్కకు ప్రవేశం లేదనే బోర్డు కూడ కనిపిస్తుంది. హౌసింగ్ సొసైటీ సర్వసభ్య సమావేశాలలో నీటి సరఫరా తరువాత ఎక్కువగా గొంతులు లేచేది కుక్కల విషయంలోనే అంటే అతిశయోక్తి కాదు. 2015లో భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. సొసైటీలు పెంపుడు జంతువులను నిషేధించరాదు. లిఫ్టు వాడకాన్ని కాదనరాదు. కుక్క ఉన్నందుకు అదనపు రుసుము వసూలు చేయరాదు. యజమానులు కూడ తమ కుక్క చేసిన మలినాన్ని తామే శుభ్రం చేయాలి, పొరుగువారి సౌకర్యాన్ని గమనించాలి. సూత్రాలు ఉన్నాయి కదా అని పోరు ఆగదు. పదకొండో అంతస్తు నుండి నాలుగు కుక్కలతో ఒకేసారి లిఫ్టు ఎక్కే మనిషిని చూసి, కుక్కంటే భయపడే ముసలమ్మ వెనుకకు తగ్గితే ఆమెను తప్పు పట్టలేము. అందుకే ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు కుక్కలను తీసుకుపోయే మనిషిని ఎంచుకోవడం మంచిది. కుక్కకు లైసెన్సు, మెడపట్టీకి బిళ్ల, సంచిలో కాగితాలు ఉంటే వాచ్‌మన్‌తో సగం వాదనలు తప్పిపోతాయి.

ఇప్పుడు వాతావరణం. ఇది ముంబయిలో అన్నింటికంటె పెద్ద న్యాయమూర్తి. కుక్క మనిషిలా ఒళ్లంతా చెమట పట్టించుకోలేదు. దాని పాదాల అడుగున మాత్రమే కొద్దిగా చెమట పడుతుంది. మిగిలిన వేడినంతా నోరు తెరిచి, నాలుక చాపి, రొప్పి బయటికి పంపాలి. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఆ ఉపాయం పారదు. రాజస్థాన్ ఎండ కంటె ముంబయి ఎండ తక్కువే కావచ్చు. కాని ఇక్కడి ఉక్క కుక్కను త్వరగా పడగొడుతుంది. ముక్కు చప్పిడిగా ఉన్న పగ్‌లకు ఈ బాధ మరీ ఎక్కువ. 2003లో హచ్ టెలిఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన చిన్న పగ్‌ను చూసి దేశమంతా ముచ్చటపడింది. ఆ తరువాత ఎన్నో ఇళ్లలోకి పగ్‌లు వచ్చాయి. ఆ ప్రకటనలోలా వెంటపడి నడవడం మే నెల మధ్యాహ్నం ఏ పగ్‌కూ సాధ్యం కాదన్న సంగతి ప్రకటనలో లేదు. మంచు దేశాల హస్కీని తెచ్చి ఈ ఊళ్లో పెంచేవారి సాహసం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

మార్చి నుండి మే దాకా, మళ్లీ అక్టోబరులో, ఉదయం తొమ్మిది దాటాక తారు రోడ్డు కాలుతుంది. చేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకండ్లు ఉంచి చూడాలి. చేతికి ఓర్వలేని వేడి పాదానికీ ఓర్వరానిదే. కనుక మధ్యాహ్నం రెండు గంటలకు తిప్పే మనిషిని పెట్టుకున్నా, ఆ నెలల్లో అతను చేయగలిగింది భవనం నీడన ఐదు నిమిషాలు నిలబెట్టి తిరిగి తీసుకురావడమే. ఆ ఐదు నిమిషాలు కూడ విలువైనవే. పన్నెండు గంటల బిగింపు రెండు ఆరు గంటలుగా తగ్గుతుంది. ముంబయిలో చాలామంది ఉదయం, సాయంత్రం మనిషిని పెట్టుకొని, నడిమి పూటను మరచిపోతారు. కుక్కకు నిజానికి కావలసింది ఆ నడిమి పూట మనిషే.

జూన్ రెండో వారంలో వానలు దిగుతాయి. సెప్టెంబరు దాకా ఈ నగరం మీద కురిసే వాన రెండు వేల మిల్లీమీటర్లకు పైమాటే. 2005 జూలై 26న సాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. ఆ రోజు ఆఫీసులలోను, రైళ్లలోను చిక్కుకుపోయి, మరునాటికి గాని ఇల్లు చేరని వేలాదిమందిలో ఇంట్లో కుక్కను వదలి వచ్చినవారు కూడ ఉన్నారు. అటువంటి రోజున పొరుగింటి తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది అన్న ప్రశ్న చిన్నది కాదు. అదే వీధిలో నివసించి, తాళంచెవి దగ్గర ఉంచుకున్న మనిషి మోకాలి లోతు నీటిలో నడిచి అయినా రాగలడు. ఐదు కిలోమీటర్ల అవతలి డే కేర్‌లో ఉన్న కుక్క ఆ రాత్రి అక్కడే ఉండిపోతుంది. అయితే దానికి తోడు, తిండి, పొడి నేల ఉంటాయి. ఏది మేలో ఇంటి ఇంటికీ మారుతుంది. ఏ ఏర్పాటు చేసుకున్నా, రాత్రికి రాలేకపోతే ఏం చేయాలన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి.

వానాకాలంలో నిలిచిన నీరు మరో ప్రమాదం. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. అది మనిషికీ, కుక్కకూ కూడ వస్తుంది. దానికి కుక్కలకు టీకా ఉంది; తిప్పే మనిషిని పెట్టుకున్న ఇళ్లవారు దానిని అశ్రద్ధ చేయరాదు. పాదాల వ్రేళ్ల సందులు తడిగా ఉంటే బూజు పుండ్లు వస్తాయి. ఇంటికి తెచ్చి పాదాలు తుడిచి వెళ్లే మనిషి, తలుపు లోపలికి త్రోసి వెళ్లే మనిషి ఇద్దరూ ఒకే జీతం తీసుకుంటారు. తేడా ఆగస్టులో తెలుస్తుంది.

అందుకే ఋతువును బట్టి ఏర్పాటు మార్చుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. చలికాలంలో నడక, వానల్లో వారానికి రెండు మూడు రోజులు డే కేర్. డోలు మోతల గణేశ నిమజ్జనం నాడు, బాణసంచా పేలే దీపావళి నాడు రెండూ వద్దు. ఆ రోజుల్లో బెదిరి తాడు తెంపుకొని పారిపోయిన కుక్కలెన్నో. కిటికీలు మూసి, పంఖా వేసి, ఇంట్లో ఒకరు పక్కన కూర్చోవడమే దానికి తగిన ఏర్పాటు.

డే కేర్‌ల లోపలి ప్రపంచం చూడదగ్గది. మిల్లులు మూతబడిన లోయర్ పరేల్‌లోను, అంధేరీ, గోరెగావ్, మలాడ్ పారిశ్రామిక వాడల్లోను ఒకప్పుడు యంత్రాలు నడిచిన 'గాలా'లు ఉన్నాయి. ముంబయివారు పారిశ్రామిక షెడ్డులోని ఒక్కొక్క విభాగాన్ని గాలా అంటారు. ఎత్తైన కప్పు, విశాలమైన నేల గల అటువంటి చోట రబ్బరు చాపలు పరచి, ఎయిర్ కండిషనర్లు బిగించి కుక్కల కేంద్రాలు నడుపుతున్నారు. గోడకు కెమెరాలు ఉంటాయి. నారిమన్ పాయింట్ ఆఫీసులో కూర్చొని యజమానురాలు ఫోనులో తన కుక్కను చూసుకోవచ్చు. మొదటి వారం ఆమె పని సాగదు. రెండో వారానికి అలవాటు పడుతుంది.

కెమెరాలో చూడవలసినదేమిటన్నది చాలామందికి తెలియదు. కుక్కలు పరుగులు తీస్తుంటే అంతా బాగానే ఉందనుకుంటారు. ముందు కాళ్లు చాచి, వెనుక భాగం ఎత్తి వంగే కుక్క ఆటకు పిలుస్తున్నది. మాటిమాటికి పెదవులు నాక్కునేది, నిద్ర లేకుండానే ఆవులించేది, తోక కాళ్ల మధ్య ముడుచుకొని గోడ వెంట నడిచేది ఆట ఆడటం లేదు. వేళ ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్నది. సాయంత్రం ఇంటికి వచ్చి మొద్దు నిద్రపోతే అది సంతోషంతో అలసినదని నమ్మడం సులువు. భయంతో అలసిన కుక్క కూడ అలాగే నిద్రపోతుంది. మరునాడు ఉదయం వ్యాను హారను వినగానే తలుపు దగ్గరకు పరుగెత్తిందా, మంచం క్రిందకు దూరిందా? అదే దాని సమాధానం.

మంచి కేంద్రం మొదట కుక్కను పరీక్షించి గాని చేర్చుకోదు. టీకాల కార్డు అడుగుతుంది. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు పూర్తి కాని పిల్లను లోపలికి రానివ్వదు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బ్రతికి ఉండగలదు. పిల్లల పాలిట అది యముడు. తొలి వరుస టీకాలు ముగిసేసరికి పిల్లకు నాలుగు నెలలు వస్తాయి. అంతవరకు దానికి డే కేరూ వద్దు, నలుగురి కుక్కలు తిరిగే రోడ్డూ వద్దు. ఇంటికి వచ్చి చూసుకునే మనిషి కావాలి. చిన్న, పెద్ద కుక్కలను వేరు చేస్తున్నారా, ఒక్కొక్క మనిషి ఎన్నింటిని చూస్తున్నాడు, మధ్యాహ్నం వాటిని విడివిడిగా పడుకోబెడుతున్నారా, రెండు కలబడితే ఏం చేస్తారు, దగ్గరి పశువైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు అని అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట కుక్కను వదలరాదు. నేల మీద వాసన కూడ సాక్ష్యమే. ఫినాయిలు ఘాటు ముక్కు పగలగొడుతున్నా మంచిది కాదు. అది కుక్క ముక్కుకు మరింత బాధ.

కుక్కలు గుంపుగా ఉండే చోట అంటువ్యాధులు తప్పవు. ఒకటి కెనెల్ కాఫ్‌తో దగ్గితే వారంలో పది దగ్గుతాయి. పిడుదులు ఒకదాని మీద నుండి మరొకదాని మీదకు చేరతాయి. వాటి వల్ల వచ్చే జ్వరం మన దేశంలో కుక్కలను ఎక్కువగా బాధించే జబ్బులలో ఒకటి. వీధిలో నడిచే కుక్కకు ఈ ప్రమాదం లేదని కాదు. గడ్డి పొదలోను పిడుదులు ఉంటాయి. నెలనెలా మందు వేయడం రెండు పక్షాలకూ తప్పనిదే.

ఖర్చు మాటకు వస్తే, రోజువారీ డే కేర్ నెల తిరిగేసరికి తిప్పే మనిషి జీతానికి కొన్ని రెట్లు అవుతుంది. అందుకని డే కేర్ కొన్ని రెట్లు మంచిదని భావించడం పట్టణ మధ్యతరగతి భ్రమ. ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో నిశ్చింతగా నిద్రపోగల నడి వయసు కుక్కకు ఉదయం ఒక మంచి నడక, మధ్యాహ్నం ఒక చిన్న రాక, సాయంత్రం యజమానితో మరొక నడక చాలు. దానికి డే కేర్ కేవలం యజమాని మనశ్శాంతి కోసం. ఏడాది, రెండేళ్ల వయసులో ఇల్లు పీకి పందిరి వేసే లాబ్రడార్‌కు, తోటి కుక్కలంటే పడిచచ్చే కుక్కకు, తలుపు మూయగానే గుండె పగిలేలా ఏడ్చే కుక్కకు వారంలో కొన్ని రోజులైనా ఆ సందడి మేలు చేస్తుంది. ఏడ్చే కుక్కల్లో కూడ కొన్నింటికి కావలసినది మనిషి తోడే గాని కుక్కల గుంపు కాదు. వాటిని గుంపులో వేస్తే బాధ రెట్టింపవుతుంది. పిరికిదానికి, కీళ్ల నొప్పులున్నదానికి, ముసలిదానికి గుంపు శిక్ష.

తాళంచెవి మాట ఇంకొకటి మిగిలింది. తిప్పే మనిషికి ఇంటి తాళం ఇవ్వడానికి చాలామంది జంకుతారు. వంటమనిషికి, పనిమనిషికి తాళమిచ్చే నగరంలో ఈ జంకు వింతగానే తోస్తుంది. మొదటి వారం ఇంట్లో ఉన్నప్పుడే రమ్మని, కుక్క అతనిని ఎలా ఎదుర్కొంటున్నదో చూడటం మంచి పద్ధతి. అతను లోపలికి రాగానే కుక్క మీదకు వంగక, పక్కకు తిరిగి కూర్చొని, వాసన చూడనిస్తే పని తెలిసినవాడు. అతనికి ఒంట్లో బాగాలేని రోజున ఎవరు వస్తారో కూడ అడగాలి. ఊరికి వెళ్లే నెల ముందే తెలుసుకోవాలి. ఉత్తరప్రదేశ్, బీహార్, కొంకణ్ ప్రాంతాల నుండి వచ్చినవారు హోళీకో, గణపతి పండుగకో, కోతలకో ఇళ్లకు వెళతారు. వారికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవారు ఉంటారు.

దాదర్ పార్సీ కాలనీలో ఫైవ్ గార్డెన్స్ చుట్టూ చెట్ల నీడ దట్టంగా ఉంటుంది. సాయంత్రం అక్కడ ముసలి కుక్కలను తిప్పేవారి నడకను గమనించాలి. అది నడక అనడానికి కూడ వీలు లేదు. నాలుగు అడుగులు, ఒక విరామం. మరో మూడు అడుగులు, ఒక స్తంభం దగ్గర చాలాసేపు వాసన. పన్నెండేళ్ల కుక్క బెంచీ క్రింద కూలబడితే తిప్పే మనిషి కూడ బెంచీ మీద కూర్చుంటాడు. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడు అతనిని రెండు కిలోమీటర్లు పరుగెత్తించి ఉండవచ్చు. తిరిగే దూరం తగ్గినా జీతం తగ్గించని ఇళ్లు అక్కడ ఉన్నాయి. మెట్లెక్కలేని దానిని చేతుల మీద ఎత్తుకొని మూడో అంతస్తుకు చేర్చి, నీళ్ల గిన్నె నింపి, తలుపు దగ్గరికి వేసి, అతను తన తరువాతి ఇంటికి బయలుదేరుతాడు.